తన్మయి సంతకం

సెరంగూన్, సింగపూర్,
20 ఆగస్టు 2000.

అమ్మకు,

వసుంధర నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ అల్లుడు ఈశ్వరరావూ క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తున్నానని రాయాలి గాని, ఈసారి రాయను. మన ఇంట్లో అందరూ క్షేమంగా లేరు. అది నీకూ తెలుసు. ఎందుకు లేరో మాత్రం తెలియదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే ముందు నీ పి.ఎ. ఎత్తుతాడు. తరవాత నువ్వు వస్తావు. నీ వెనక పదిమంది మాటలు వినిపిస్తూ ఉంటాయి. నాతో మాట్లాడుతూనే ఎవరికో సైగలు చేస్తుంటావని ఇంత దూరానికీ నాకు తెలిసిపోతుంది. ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే చదవాలి. తమ్ముడు మహీధర్‌కి కూడా ఇవ్వకు. చెప్పవలసిన మనిషే వాడికి చెబుతుంది.

నీ ఉత్తరం అందింది. శాసనసభ్యురాలు అని పైన అచ్చువేసిన కాగితం మీద రాశావు. కూతురికి రాయడానికి ఇంట్లో ఇంకే కాగితమూ దొరకలేదా అనుకున్నాను. సరే, నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను.

మొదట సంతకాల సంగతి. నువ్వు సభలో పెట్టిన గర్భస్థ శిశు రక్షణ బిల్లు ప్రతి, దాంతోపాటు "సింగపూర్‌లోని తెలుగు మహిళలమైన మేము ఈ బిల్లును హర్షిస్తున్నాము" అన్న కాగితం చేరాయి. బిల్లు రెండుసార్లు చదివాను. గర్భం వద్దనుకున్న స్త్రీ భర్త సంతకం తేవాలి. భర్త దగ్గర లేకపోతే అత్తింటి పెద్దలెవరైనా సంతకం చేయాలి. ఆపైన జిల్లాలో ఒక కమిటీ కూర్చుని సరే అనాలి. ఆ కమిటీలో పోలీసు అధికారి కూడా ఉంటాడు. ఇంతమంది సంతకాల్లో ఆ స్త్రీది ఎక్కడుందా అని వెతికాను. దరఖాస్తు అడుగున "వేలిముద్ర లేక సంతకం" అని ఒక చిన్న గీత కనిపించింది. పాతికేళ్ళు ఆడపిల్లలకు అక్షరాలు నేర్పిన హెడ్‌మిస్ట్రెస్ కమలాదేవి పెట్టిన బిల్లు ఇది. అందులో వేలిముద్ర అన్న మాట ముందు రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందమ్మా?

ఒక్క సంతకం కూడా పోగుచేయలేదు. చేయను. మా పక్క ఫ్లాట్ పాపమ్మ ఆంటీకి మాత్రం ఆ కాగితం చూపించాను. వాళ్ళ తాతగారు విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆంటీ పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు, అందుకని నన్నే చదివి వినిపించమంది. అంతా విన్నాక తన సంగతి చెప్పింది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఇక్కడి ప్రభుత్వం ఇద్దరు చాలంది. మూడో బిడ్డంటే ఆస్పత్రి ఖర్చు ఎక్కువ, మంచి బడిలో చోటు కష్టం. భయపడి రెండో కాన్పు కాగానే ఆపరేషన్ చేయించుకుంది. కొన్నేళ్ళకు అదే ప్రభుత్వం మాట మార్చి, స్తోమత ఉంటే ముగ్గురిని కనమంది.

"ముందు స్టాప్ అన్నారు, మళ్ళీ గో అన్నారు. నా కడుపేమన్నా ట్రాఫిక్ లైటా లా?" అంది ఆంటీ, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం చివర ఆ 'లా' తగిలించి.

నవ్వుతూనే అంది. కాని నీ కాగితాన్ని రెండువేళ్ళతో పట్టుకుని నా ఒళ్ళో పడేసింది.

రెండోది. సింగపూర్ లాంటి దేశంలో కూడా ఆంక్షలున్నాయని సభలో చెప్పాలి, వివరాలు రాసి పంపమన్నావు. వివరాలు నాకు బాగానే తెలుసు. ఎలా తెలిశాయో కాస్త ఆగితే చెబుతాను. ఇక్కడ భర్త సంతకం అడగరు. ఆ మాట నువ్వు సభలో చెప్పవని నాకు తెలుసు. అలాగని ఈ దేశాన్ని నేను పొగడబోవడం లేదు. ఇక్కడి నిబంధన ఒకటి నా కళ్ళముందే ఒక మనిషిని గుమ్మంలోంచి వెనక్కి పంపించింది.

మూడోది. మీకు పిల్లలెప్పుడు అని అడిగావు. అది నాకూ ఈశ్వరరావుకూ సంబంధించిన విషయం. నీ బిల్లు పాసైతే అది ఇంకా ఎవరెవరి విషయం అవుతుందో నీకే బాగా తెలుసు.

ఇదంతా చదివి, దీనికి ఆడపిల్లల గోడు పట్టదు, సైన్స్ పార్కులో తన ఏసీ ఆఫీసులో కూర్చుని కబుర్లు చెబుతోంది అనుకుంటావేమో. నేను నీ కూతురినమ్మా. తరగతిలో అమ్మాయిలు ఏటేటా తగ్గిపోతున్నారని నువ్వు హాజరుపట్టీ ముందేసుకుని కూర్చోవడం చూశాను. స్కానింగ్ సెంటర్ మెట్ల మీద నువ్వు ఎండలో బైఠాయిస్తే గొడుగు పట్టింది నేనే. ఆ సెంటరు మూయించేదాకా నువ్వు అక్కణ్ణుంచి లేవలేదు. ఆ రోజు నిన్ను చూసి ఎంత గర్వపడ్డానో నీకెప్పుడూ చెప్పలేదు. కడుపులో ఉన్నది ఆడపిల్లని చెప్పేవాళ్ళను పట్టుకోవడానికి చట్టం అప్పటికే ఉంది. మన జిల్లాలో వాళ్ళలో ఒక్కడు కూడా జైలుకు పోలేదు. నువ్వు ఎమ్మెల్యేవయ్యాక వాళ్ళ వెంట పడతావనుకున్నాను. స్కానింగ్ మిషన్‌ను వదిలేసి, బల్లమీద పడుకున్న మనిషి చెయ్యి పట్టుకున్నావు. మిషన్ నడిపేవాళ్ళు పార్టీకి చందాలిస్తారనా? ఆ మనిషి ఏమీ ఇవ్వలేదనా?

ఇక నీ అసలు ప్రశ్న. నీ కోడలు తన్మయి సంగతి.

"ఆ స్థితిలో దాన్ని సింగపూర్ పిలిపించుకుని ఊరంతా ఎందుకు తిప్పావు? నీ షికార్ల వల్లే దాని కడుపు పోయింది. బహుశా మగపిల్లాడేమో. ఇప్పుడది పిల్లలిద్దర్నీ తీసుకుని కావలిలో పుట్టింట్లో కూర్చుంది. ఫోన్‌కి రాదు. నువ్వేం నూరిపోశావు?" అని రాశావు.

బహుశా మగపిల్లాడేమో. ఆ వాక్యం రాసింది ఆడపిల్లల కోసం బిల్లు పెట్టిన మనిషి. నేను మళ్ళీ మళ్ళీ చదివాను, నీ చేతిరాతేనా అని.

మే నెలనుంచి ఆ నింద నేనే మోస్తున్నాను. చుట్టాలందరికీ నువ్వు చెప్పావు కాబట్టి వాళ్ళూ నాకు చీవాట్లు రాశారు. ఎవరికీ జవాబివ్వలేదు. తన్మయి చెప్పమనేదాకా చెప్పకూడదనుకున్నాను. పోయిన ఆదివారం తనే ఫోన్ చేసి, అత్తయ్యగారికి అంతా రాసేయండి వదినా, ఏమీ దాచొద్దు అంది. అందుకని రాస్తున్నాను.

చిన్నది పుట్టాక తన్మయి ఎలా అయిపోయిందో నీకు గుర్తుండే ఉంటుంది. నిద్ర లేదు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకోకుండా గోడకు ఆనుకుని అలా చూస్తూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం పనిమనిషి రత్తమ్మ చేతుల్లో పాపను పెట్టి, దీన్ని నా దగ్గరికి తీసుకురావద్దు, నా చేతులు నా మాట వినడం లేదు అందట. నువ్వు బాలింత వాతం అన్నావు. తాయెత్తు తెచ్చి కట్టావు. ఇంటికి వచ్చేపోయే పార్టీవాళ్ళు చూస్తారని గదికి బయట గొళ్ళెం పెట్టావు. డాక్టరుకు చూపించమని నేను ఇక్కణ్ణుంచి ఫోన్‌లో మొత్తుకుంటే, మనింట్లో పిచ్చివాళ్ళెవరూ లేరు అని పెట్టేశావు. తన్మయి మెల్లగా తనే తేరుకుంది. ఎంత కష్టపడి తేరుకుందో ఆ గదికే తెలియాలి.

చిన్నదానికి ఏడాది నిండకుండానే మళ్ళీ నెల తప్పింది. అది తెలిసిన రోజునుంచే తన్మయికి మళ్ళీ నిద్ర దూరమైంది. వద్దని మహీధర్‌తో చెప్పింది. వాడు మొదట సరేనన్నాడు. ఆ వారమే నీ బిల్లు గురించి పేపర్లో పడింది. వాడు అరవలేదు, తిట్టలేదు. అమ్మ బిల్లు పెడుతుంటే మనింట్లోనే ఈ పని జరిగిందని బయటపడితే ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది అన్నాడు. అంతే, ఆ తరవాత ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

తన్మయి ఒక్కతే మన ఊరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ నీ బళ్ళో చదువుకున్న పిల్లే. ఇప్పుడున్న చట్టం ప్రకారం వయసొచ్చిన ఆడదానికి భర్త సంతకం అక్కర్లేదని ఆవిడకు తెలుసు. తెలిసీ, "మీ అత్తగారి చట్టం వస్తోందమ్మా. నాకెందుకు తలనొప్పి, ఆయన సంతకం పట్రా" అందట. నీ బిల్లు ఇంకా సభ దాటలేదు, అప్పుడే మన వీధిలో అమలైపోయింది. మొదటి కేసు నీ కోడలిది.

అప్పుడు నాకు ఫోన్ చేసింది. ఇక్కడికి వచ్చెయ్, నేను చూసుకుంటాను అన్నాను. ఏమీ కనుక్కోకుండా అన్నాను. ఇక్కడ అందరూ మాట్లాడుకుంటూ ఉంటే విని, ఎవరికైనా చేస్తారనుకున్నాను. సింగపూర్ చూసొస్తానంటే నువ్వు సంతోషంగా పంపావు. పిల్లలిద్దర్నీ కావలిలో పుట్టింట్లో దింపి వచ్చింది. ఎయిర్‌పోర్టులో చేతులు రెండూ చంకల్లో దాచుకుని నడిచి వచ్చింది.

మర్నాడే క్లినిక్‌కి తీసుకెళ్ళాను. చైనీస్ డాక్టరు, పెద్దావిడ. ఓపిగ్గా అంతా విన్నది. పాస్‌పోర్టు చూసి కలం పక్కన పెట్టేసింది. ఇక్కడి పౌరులకు, పనిచేయడానికి వచ్చినవాళ్ళకు, వాళ్ళ భార్యలకు చేయొచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు నాలుగు నెలలు ఇక్కడ ఉండి ఉంటే తప్ప చేయకూడదు, చట్టం ఒప్పుకోదు అంది. ప్రాణం మీదికొస్తే వేరు అంది. ఈమె ప్రాణానికేమీ ప్రమాదం లేదు కదా అని తన్మయి వైపు చూసింది. ఆవిడ ఇంగ్లీషు యాస తన్మయికి అర్థం కాలేదు. నా మొహం చూస్తూ కూర్చుంది. నేను బయటికొచ్చి, బస్సెక్కాక గాని చెప్పలేకపోయాను.

విని కిటికీ వైపు తిరిగింది.

"అంటే ఇక్కడ కూడా నన్నెవరూ అడగరన్నమాట" అంది.

ఇంటికొచ్చాక, పోనీ ఉంచుకుంటే ఏమవుతుంది, ఈసారి మంచి డాక్టర్ని పెడదాం, కాన్పుకు నేను సెలవు పెట్టి వస్తాను అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. తను కోప్పడలేదు.

"చచ్చిపోతానని కాదు వదినా. పోయినసారి గొళ్ళెం బయట ఉంది కాబట్టి పాప బతికింది. ఈసారి నా చేతుల్ని నేను నమ్మలేను" అంది.

నువ్వు పెట్టిన గొళ్ళేనికి ఆ పిల్ల నీకు రుణపడి ఉన్నట్టు మాట్లాడింది. నువ్వు కోరుకున్న కృతజ్ఞత ఇదేనా?

ఇప్పుడు చెబుతున్నాను, విను. తన్మయికి కడుపు పోలేదమ్మా. తీయించుకుంది. నేను పక్కన ఉన్నాను.

ఆఫీసులో సెలవు పెట్టి తనతో పాటు చెన్నై వచ్చాను. మైలాపూర్‌లో ఒక లాడ్జిలో దిగాము. సింగపూర్ నుంచి అన్నట్టుగా నేను నీకు ఫోన్ చేసింది అక్కడి ఎస్టీడీ బూత్‌లోంచే. లైను ఇవాళ పక్కవీధిలోంచి మాట్లాడినట్టుందే అన్నావు. రైలెక్కితే సాయంత్రానికి నీ గుమ్మంలో ఉండేదాన్ని. ఎక్కలేదు. నీ గొంతు వింటూ అబద్ధం చెప్పడం నాకు కష్టమనిపించలేదు. అదే నన్ను భయపెట్టింది. ఒకప్పుడు ఏ భయం వేసినా ముందు నీ దగ్గరికే పరిగెత్తేదాన్ని. నలభై ఊళ్ళ ఆడవాళ్ళు నిన్ను అమ్మగారూ అని పిలుస్తారు. నీ కోడలికి ఆపద వస్తే నీకు తెలియకుండా సముద్రం దాటి రెండు దేశాలు తిరగాల్సి వచ్చింది.

చెన్నై డాక్టరు చిన్న వయసు మనిషే. నేను మొదలుపెట్టబోతే ఆపి, మీరు బయట కూర్చోండి, నేను ఆమెతో మాట్లాడాలి అంది. నాకు చివుక్కుమంది. ఇంత దూరం తీసుకొచ్చిన దాన్ని నేను కదా అనిపించింది. తలుపు వేసుకున్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాక తెలిసింది, మొదటినుంచీ నేను కూడా తన తరపున మాట్లాడుతూనే ఉన్నానని. లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ డాక్టరు తన నిద్ర గురించి అడిగిందట, చిన్నది పుట్టినప్పటి సంగతులన్నీ అడిగిందట. దానికి మందులున్నాయని, అది గాలీ ధూళీ కాదని, తన తప్పు అసలే కాదని చెప్పిందట. ఆ తరవాత కాగితం ముందుపెట్టి, సంతకం నువ్వు చేస్తే చాలు అందట. తన్మయి పూర్తి పేరు రాసింది. పెళ్ళి కాకముందు ఎలా రాసేదో అలా పుట్టింటి ఇంటిపేరుతో సహా రాసేశానని, తరవాత తనే గుర్తుచేసుకుని నవ్వింది.

అంతా అయ్యాక ఏడ్చింది. అది దాచను. కావాలంటే నీ ఉపన్యాసంలో వాడుకో. లాడ్జి గదిలో నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చి, "ఏడిస్తే తప్పు చేసినట్టేనా వదినా?" అని అడిగింది. కాదన్నాను. కాసేపటికి పెరుగన్నం తెప్పించమంది. మొత్తం తినేసి, పక్కకు తిరిగి పడుకుంది. ఎన్నాళ్ళకో అంత నిద్రపోయింది. నేను చూస్తూ కూర్చున్నాను. చేతులు రెండూ దుప్పటి మీద వదులుగా ఉన్నాయి.

అక్కణ్ణుంచి తను కావలి వెళ్ళింది, నేను ఇక్కడికి వచ్చేశాను. కడుపు పోయిందని మీకు చెప్పింది. నువ్వు నన్ను తిట్టావు. ఇదీ జరిగింది.

ఇన్నాళ్ళూ తన్మయి ఫోన్‌కి రాకపోవడానికి నేను నూరిపోసిందేమీ లేదు. నెలనెలా చెన్నై వెళ్ళి మందులు తెచ్చుకుంటోంది. పిల్లలిద్దరికీ తనే అన్నం తినిపిస్తోంది. చిన్నది ఇప్పుడు తల్లిని వదలడం లేదట. నీకు మనవరాళ్ళ మీద బెంగగా ఉందని రాశావు కాబట్టి చెబుతున్నాను, చిన్నదానికి నడక వచ్చింది.

ఇక ముందు జరగబోయేది. నీ బిల్లు మీద ప్రజల అభిప్రాయాలు వినడానికి వచ్చే నెల హైదరాబాదులో కమిటీ కూర్చుంటుందని, బిల్లు పెట్టినదానివి కాబట్టి నువ్వూ అందులో ఉంటావని రాశావు. బిల్లు వద్దంటూ నా అభిప్రాయం నా పేరుతోనే రాసి, కమలాదేవి కూతురినని కూడా రాసి, రిజిస్టరు పోస్టులో పంపాను. అది నీకు చేరేముందే నా నోటితో తెలియాలని చెబుతున్నాను. తన్మయి కాగితం పంపలేదు. స్వయంగా వచ్చి మాట్లాడతానని పేరు ఇచ్చింది. వద్దని నేను చెప్పి చూశాను. పేపర్లవాళ్ళుంటారు, ఊళ్ళో తలెత్తుకోలేవు, మహీధర్ ఏమంటాడో తెలియదు అన్నాను. ఊళ్ళో ఆ డాక్టరమ్మ తలుపు దగ్గరికి రేపు ఇంకొకత్తి వెళ్తుంది కదా వదినా అంది. వచ్చే ఆదివారం మహీధర్‌ని కావలి రమ్మంది. వాడికి అన్నీ తనే చెబుతుంది. వాడు ఉంటాడో పోతాడో వాడిష్టం.

నువ్వు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. తనని ఆపమని కావలికి ఎవరినీ పంపకు. వాళ్ళ నాన్నగారి ఉద్యోగం జోలికి పోకు. పిల్లల్ని అడ్డం పెట్టకు. కమిటీ గదిలో ఎవరిచేతా తనకు మతిస్థిమితం లేదని అనిపించకు. అనిపిస్తే ఆ గొళ్ళెం ఎవరు పెట్టారో, డాక్టరుకు చూపించనివ్వనిది ఎవరో నేను లేచి చెబుతాను. బెదిరిస్తున్నావా అంటావేమో. అవును, బెదిరిస్తున్నాను. రత్తమ్మ కూడా వచ్చి చెబుతానంది.

బిల్లు ఉపసంహరించుకోమని నిన్ను బతిమాలను. బతిమాలితే మారే మనిషివి కావు. ఒకటే అడుగుతున్నాను. తను మాట్లాడుతున్నంతసేపూ గదిలోంచి లేచి వెళ్ళకు. కాగితాలు తిరగేయకు, పక్కవాళ్ళతో గుసగుసలాడకు. చివరిదాకా విను. విన్న తరవాత కూడా ఆ బిల్లు కావాలనిపిస్తే అప్పుడు నీతో నాకు మాటలేమీ మిగలవు.

సెలవు దొరికింది. నేనూ హైదరాబాద్ వస్తున్నాను. ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో దిగను, తన్మయితో పాటు హోటల్లో ఉంటాను. కారు పంపకు. నన్ను కలవాలంటే కమిటీ గదిలోనే కలుద్దాం. అక్కడ సభ్యులను గౌరవ సభ్యులు అని పిలవాలట, తన్మయికి కమిటీ పంపిన నోటీసులో ఉంది. నిన్నూ అలాగే పిలుస్తాను. బయటికొచ్చాక వెనకనుంచి అమ్మా అని పిలుస్తాను. ఆగుతావో, కారెక్కుతావో చూస్తాను.

ఇట్లు,
నీకు ఎదురుగా కూర్చోబోతున్న నీ కూతురు
వసుంధర